చూసి నేర్చుకోవాలా, కొట్టి నేర్చుకోవాలా? వీడియోలన్నీ అర్థమై కూడా కోడ్ రాయలేకపోతున్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తా, తేడా ఉంటే సరిచెయ్. మెకానికల్ థర్డ్ ఇయర్, క్యాంపస్‌కి వచ్చేవాటిలో సాఫ్ట్‌వేర్ కంపెనీలే ఎక్కువని పైథాన్ మొదలుపెట్టావ్, నాలుగు నెలలుగా వీడియోలు చూస్తున్నావ్, చూస్తున్నంతసేపూ అంతా అర్థమవుతోంది గానీ ఎడిటర్ తెరిచి సొంతంగా రాద్దామంటే మొదటి లైన్ కూడా రావట్లేదు. ఒక సీనియర్ వీడియోలు ఆపేసి రోజుకి మూడు లీట్‌కోడ్ (ఇంటర్వ్యూల కోసం కోడింగ్ ప్రాబ్లమ్స్ పెట్టే సైట్) ప్రాబ్లమ్స్ కొట్టు అన్నాడు, ఇంకో సీనియర్ ముందు ఓ వంద ప్రోగ్రాములు చదివి నోట్స్ రాసుకో అన్నాడు. ఎవరి మాట వినాలి, పనిలో పనిగా పైథాన్ వదిలేసి జావాకి మారాలా అని అడిగావ్.

ఇప్పుడు నువ్వున్న చోట రెండో సీనియర్ చెప్పిందే దగ్గర. కాకపోతే ఆయన చెప్పినట్టు నోట్స్ రాసుకుంటూ కూర్చుంటే ఆర్నెల్ల తర్వాత కూడా ఇదే ప్రశ్న అడుగుతావ్. మొదటి సీనియర్ సలహా కూడా మంచిదే, కానీ అది ఆయనకి మంచిది, నీకు ఇంకో రెండు మూడు నెలలు పోయాక మంచిది. నేను ఈ ఫీల్డులో చాలా ఏళ్లుగా ఉన్నా, మధ్యలో కొన్నాళ్లు అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌లు చెప్పా, ఇప్పుడు కంపెనీలో ఫ్రెషర్లకి ట్రైనింగ్ ఇవ్వడం కూడా నా పనిలో భాగమే, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

ముందు ఒక మాట, ఇది నీ ఒక్కడి జబ్బు కాదు. 2001లో మెక్‌క్రాకెన్ అనే ఆయన ఆధ్వర్యంలో నాలుగు యూనివర్సిటీల్లో మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ కోర్సులు అయిపోయిన 216 మందికి చిన్న క్యాలిక్యులేటర్ లాంటి ప్రోగ్రాం రాయమని పరీక్ష పెడితే 110 మార్కులకి సగటు 22.89 వచ్చింది. వాళ్లంతా కంప్యూటర్ కోర్సులు చదివినవాళ్లే. సరే వీళ్లకి ప్రాబ్లం సాల్వింగ్ రావట్లేదు అనుకున్నారు అందరూ, కానీ 2004లో రేమండ్ లిస్టర్ వాళ్లు ఏడు దేశాల్లో ఇంకో పరీక్ష పెట్టారు, అందులో రాయడం లేదు, రాసి ఉన్న చిన్న కోడ్ ఇచ్చి ఇది రన్ అయితే ఏం వస్తుందో చెప్పు, లేదా ఖాళీలో ఏ ముక్క సరిపోతుందో ఎంచుకో, అంతే, చాలామంది అక్కడే ఆగిపోయారు. అంటే రాయలేకపోవడానికి వెనక చదవలేకపోవడం ఉంది. నీ సంగతి కూడా అదే అయ్యుండొచ్చు, వీడియోలో ఆయన చదివి చెప్తుంటే అర్థమవ్వడం వేరు, నువ్వు చదవగలగడం వేరు.

ఇప్పుడు ప్రాబ్లమ్స్ కొడుతూ పోతే అదే వస్తుంది అనే మాట సంగతి చూద్దాం. 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ స్వెల్లర్ అనే ఆయన, తన తోటివాళ్లతో కలిసి స్టూడెంట్స్‌కి ఒక నంబర్ పజిల్ ఇచ్చాడు. ఒక సంఖ్య ఇస్తారు, దాన్ని ఇంకో సంఖ్యగా మార్చాలి, చెయ్యనిచ్చేవి రెండే పనులు, 3తో గుణించడం లేదా 69 తీసెయ్యడం. ఉదాహరణకి 31ని 3 చెయ్యాలనుకో, 31ని గుణిస్తే 93, 69 తీసేస్తే 24, మళ్లీ గుణిస్తే 72, మళ్లీ తీసేస్తే 3. లెక్కలన్నీ ఇలాగే తయారుచేశాడు, ఒకసారి గుణించు ఒకసారి తీసెయ్, అదొక్కటే దారి. స్టూడెంట్స్ లెక్కలు చేసేశారు, పెద్దగా కష్టం కూడా పడలేదు. కానీ అన్ని లెక్కలు చేసి కూడా ఆ రూల్ ఒకటుందని పట్టుకున్నవాళ్లు చాలా తక్కువ. ఎందుకంటే వాళ్ల కళ్లు మొత్తం చేరాల్సిన సంఖ్య మీదే ఉన్నాయి, ఇక్కడున్నాం అక్కడికి వెళ్లాలి, గుణిస్తే దగ్గరవుతామా తీసేస్తే దగ్గరవుతామా అని ఒక్కో అడుగూ చూసుకుంటూ వెళ్లిపోయారు, వెనక్కి తిరిగి నేను వచ్చిన దారిలో ఒక వరస ఉందే అని చూసుకునే ఖాళీ తలలో లేదు.

లీట్‌కోడ్‌లో కొత్తవాళ్లు చేసేది అచ్చం ఇదే. ఏదో ఒకటి మార్చి రన్ కొడతారు, ఫెయిల్, ఇంకోటి మారుస్తారు, ప్లస్ వన్ పెడతారు, మైనస్ వన్ పెడతారు, మూడో టెస్ట్ కేస్ పాసవుతుంది, నాలుగోది పోతుంది, గంటన్నరకి గ్రీన్ టిక్ వస్తుంది. ఎలా వచ్చింది అంటే చెప్పలేరు. టిక్ అయితే వచ్చింది, మర్నాడు అలాంటిదే ఇంకోటి ఇస్తే మళ్లీ మొదటికే.

ఒకేసారి మనం తలలో పట్టుకోగలిగే విషయాలు చాలా తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ 7, కొంచెం అటూ ఇటూ అన్నాడు, 2001లో నెల్సన్ కోవన్ దాన్ని ఇంకా తగ్గించి 4 దగ్గరకి తెచ్చాడు. నీకు ఇప్పుడు ఫర్ లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్ ముక్క) రాయడమే ఆలోచించి చెయ్యాల్సిన పని, కోలన్ పెట్టామా, రేంజ్ ఎక్కడ ఆగుతుంది, ఇండెంటేషన్ సరిగ్గా ఉందా, వీటికే ఆ నాలుగు గడులు నిండిపోతాయి, ఇంక ప్రాబ్లం ఎక్కడ పెడతావ్. మీ సీనియర్‌కి లూప్ అంటే ఒకటే ముక్క, అసలు ఆలోచనే అక్కర్లేదు, అందుకే ఆయనకి ప్రాబ్లమ్స్ కొట్టడం పనిచేస్తుంది. 1985లో స్వెల్లర్, కూపర్ ఇద్దరూ కలిసి ఆల్జీబ్రా మీద చేసిన ప్రయోగాల్లో చేసి చూపించిన లెక్కలు చదివిన పిల్లలు, అన్నీ సొంతంగా చేసిన పిల్లల కంటే తక్కువ టైంలో నేర్చుకున్నారు, తర్వాత అలాంటి లెక్కలే ఇస్తే త్వరగా, తక్కువ తప్పులతో చేశారు. అలాంటి లెక్కలే అన్నా చూడు, అది గుర్తుపెట్టుకో, పూర్తిగా వేరే రకం లెక్క ఇస్తే ఆ లాభం కనబడలేదు, దాని గురించి మళ్లీ చెప్తా.

అసలు ఇందులో నీకు కొత్తేం లేదు. ఇంటర్‌లో ఎంపీసీ చదివావ్ కదా, తెలుగు అకాడమీ మ్యాథ్స్ పుస్తకంలో ముందు సాధించిన సమస్యలు, ఆ తర్వాత అభ్యాసం. ఇంటిగ్రేషన్‌లో ఏ ప్రతిక్షేపం ఎక్కడ పెట్టాలో సాధించినవి కొన్ని చూడకుండా నువ్వు కనిపెట్టావా? లేదు. అలాగని సాధించినవి చదివేసి అభ్యాసం ముట్టుకోకుండా ఎంసెట్‌కి వెళ్లావా? అదీ లేదు. ప్రోగ్రామింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎందుకో జనం రెండు పార్టీలుగా విడిపోయి కొట్టుకుంటారు.

ఊరికే థియరీ చెప్తే లాభం లేదు, ఒకటి తీసుకుని చేద్దాం. 1980ల్లో అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఇలియట్ సోలోవే వాడిన రైన్‌ఫాల్ ప్రాబ్లం అని ఒకటుంది, నలభై ఏళ్ల నుంచి టీచర్లు దాన్ని వదలట్లేదు. సంఖ్యలు ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ పోవాలి, 99999 రాగానే ఆపాలి, అప్పటిదాకా వచ్చినవాటి సగటు చెప్పాలి, 99999ని మాత్రం కలపకూడదు. చూడ్డానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది, కానీ కోర్సు చదువుతున్నవాళ్లు కూడా బోలెడంత మంది తప్పు రాశారు. కోడ్ ఇది, మామూలు తెలుగులో రాస్తున్నా (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు, అంటే విలువలు దాచుకునే గడుల పేర్లు, నిజంగానే తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు, ఆఫీసులో పెడితే మాత్రం తిడతారు):

మొత్తం = 0
ఎన్ని = 0
సంఖ్య = చదువు
సంఖ్య 99999 కానంత వరకు:
    మొత్తంకి సంఖ్య కలుపు
    ఎన్నికి 1 కలుపు
    సంఖ్య = చదువు
ఎన్ని 0 అయితే: డేటా లేదు అని ప్రింట్ చెయ్
కాకపోతే: మొత్తం / ఎన్ని ప్రింట్ చెయ్

దీన్ని వీడియోలో చూస్తే రెండు నిమిషాల్లో ఆ అర్థమైంది అని పక్కకి వెళ్లిపోతావ్. కాగితం తీసుకో. 5, 7, 99999 వచ్చాయనుకో, ఒక్కో లైన్ దగ్గర మొత్తం ఎంత, ఎన్ని ఎంత, సంఖ్య ఎంత, మూడు గడులు గీసి రాస్తూ రా. చేత్తో. సరిచూసుకోవాలంటే పైథాన్ ట్యూటర్ అని ఫ్రీ సైట్ ఉంది, ఫిలిప్ గువో అనే ఆయన చేసింది, ఒక్కో లైన్ నడుస్తుంటే వేరియబుల్స్ ఎలా మారుతున్నాయో బొమ్మగా చూపిస్తుంది, కానీ ముందు నువ్వు రాశాకే అది తెరువు.

అయ్యాక ప్రశ్నలేసుకో. చదువు అనేది రెండు చోట్ల ఎందుకుంది, పైనది తీసేస్తే ఏమవుతుంది, కిందది తీసేస్తే ఏమవుతుంది? కిందది తీసేస్తే లూప్ ఎప్పటికీ ఆగదు, ఎందుకో నోటితో చెప్పు. మొత్తం = 0 అనేదాన్ని లూప్ లోపలికి జరిపితే? ప్రతిసారీ సున్నా అయిపోయి చివరి సంఖ్య ఒక్కటే మిగులుతుంది. మొట్టమొదటే 99999 వచ్చేస్తే? అందుకే ఎన్ని 0 అయితే అనే లైన్, అది లేకపోతే సున్నాతో భాగించి ప్రోగ్రాం పడిపోతుంది. చూశావా, తొమ్మిది లైన్లలో నిజానికి నాలుగే పనులున్నాయి, కూడుకుంటూ పోవడం, లెక్కపెట్టుకుంటూ పోవడం, ఆగే గుర్తు వచ్చేదాకా చదవడం, భాగించే ముందు సున్నా చూసుకోవడం. సోలోవే వీటిని ప్లాన్లు అన్నాడు, అనుభవం ఉన్నవాళ్ల తలలో లైన్లు ఉండవు, ఇలాంటి ప్లాన్లు ఉంటాయి అని. ప్రతి ఎగ్జాంపుల్‌లో ఆ ముక్కలకి పక్కన నీ మాటల్లో ఒక పేరు రాసుకో. 2012లో జార్జియా టెక్‌లో మార్గులియూ, గజ్డియల్, కాట్రంబోన్ ఇదే చేసి చూశారు, యాప్ ఇన్వెంటర్ (బ్లాకులు కలిపి ఫోన్ యాప్‌లు చేసే టూల్) నేర్పేటప్పుడు ఒక గుంపుకి అడుగుల పక్కన ఇలా పేర్లు పెట్టి ఇచ్చారు, ఇంకో గుంపుకి అవే అడుగులు పేర్లు లేకుండా ఇచ్చారు, పేర్లున్నవాళ్లు బాగా చేశారు.

ఇప్పుడు అసలైన భాగం. ఇందాకటి కోడ్ మూసెయ్, కొత్త ప్రశ్న: మధ్యలో నెగెటివ్ సంఖ్యలు వస్తే అవి తప్పు డేటా, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. రాయి. చాలామంది ఏం చేస్తారంటే లూప్ లోపల ఇఫ్ పెట్టి, సంఖ్య 0 కంటే తక్కువ కాకపోతే అని రాసి, ఉన్న మూడు లైన్లనీ దాని కిందకి తోసేస్తారు. రన్ చేస్తే 5, 7 బాగానే పోతాయి, మైనస్ 2 రాగానే ప్రోగ్రాం బిగుసుకుపోతుంది. ఎందుకంటే కొత్త సంఖ్య చదివే లైన్ కూడా ఇఫ్ లోపలికి వెళ్లిపోయింది, నెగెటివ్ వచ్చినప్పుడు అది నడవదు, సంఖ్య మారదు, లూప్ అలా తిరుగుతూనే ఉంటుంది. ఈ తప్పు నువ్వే చేసి, నువ్వే పట్టుకుంటే, చదవడం అనేది ఆగే ప్లాన్‌కి సంబంధించింది, కూడిక ప్లాన్‌కి కాదు అనే సంగతి జన్మలో మర్చిపోవు. కానీ మొదటి ఎగ్జాంపుల్ కాగితం మీద నడపకుండా డైరెక్ట్‌గా ఇక్కడికొస్తే ఈ తప్పు నీకు అంతుపట్టదు, ఇంటర్నెట్‌లో వెతికి వేరే వాళ్ల కోడ్ పేస్ట్ చేస్తావ్.

నేను చెప్పేది ఈ జంట పద్ధతి. ఒక ఎగ్జాంపుల్, వెంటనే దానికి చుట్టం లాంటి ఒక ప్రాబ్లం, మళ్లీ ఎగ్జాంపుల్, మళ్లీ ప్రాబ్లం. 1993లో ట్రాఫ్టన్, రైజర్ అనే ఇద్దరు లిస్ప్ లాంగ్వేజ్ నేర్పుతూ ఇదే చూశారు, ఎగ్జాంపుల్స్ అన్నీ ముందు చదివేసి ప్రాబ్లమ్స్ అన్నీ తర్వాత చేసినవాళ్ల కంటే ఒకటి చదివి ఒకటి చేసినవాళ్లే మెరుగ్గా నేర్చుకున్నారు. నీ రెండో సీనియర్ చెప్పిన వంద ప్రోగ్రాములు చదివి ఆ తర్వాత మొదలుపెట్టు అనేది ఇక్కడే దెబ్బతింటుంది. పదో ప్రోగ్రాం దగ్గరికొచ్చేసరికి మొదటిది పోతుంది, పైగా చెయ్యాల్సింది ఏమీ లేదు కాబట్టి కళ్లు లైన్ల మీద జారిపోతుంటాయి. నోట్స్ కూడా అంతే, కోడ్‌ని ఉన్నదున్నట్టు రంగు పెన్నులతో నోట్‌బుక్‌లో దించుకోవడం వల్ల దస్తూరి బాగుపడుతుంది.

వీడియోలతో ఇబ్బంది కూడా అదే, వీడియో నీకోసం ఆగదు. 1989లో మిషెలిన్ చీ బృందం ఫిజిక్స్ స్టూడెంట్స్‌ని గమనించి చెప్పింది నాకు ఇప్పటికీ చాలా ఉపయోగపడుతుంది. అందరూ చదివినవి అవే ఎగ్జాంపుల్స్, కానీ బాగా చేసేవాళ్లు ప్రతి అడుగు దగ్గరా ఆగి ఇది ఎందుకొచ్చింది, ఇక్కడ ఇలా కాకుండా అలా ఎందుకు చెయ్యలేదు అని తమకి తామే చెప్పుకున్నారు, తమకి ఎక్కడ అర్థం కాలేదో కూడా వాళ్లకే తెలుస్తోంది. వెనకబడినవాళ్లు అంతా అర్థమైంది అనుకుని ముందుకెళ్లిపోయారు, తీరా లెక్క దగ్గర ఇరుక్కున్నాక ఎగ్జాంపుల్ మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు, అందులో ఏదైనా అతికించుకోవడానికి దొరుకుతుందేమో అని. ట్రైనింగ్‌లో నేను రోజూ చూసేది ఇదే. కాబట్టి వీడియో చూడాల్సి వస్తే, ఆయన కోడ్ మొత్తం టైప్ చేశాక, రన్ కొట్టే ముందు పాజ్ చెయ్, ఏం ప్రింట్ అవుతుందో కాగితం మీద రాయి, అప్పుడు ప్లే కొట్టు. ఇది చేస్తే అరగంట వీడియోకి గంటన్నర పడుతుంది, పట్టనీ. ఇంగ్లండ్‌లో స్యూ సెంటెన్స్ అనే ఆవిడ స్కూలు పిల్లల కోసం దీన్నే ఒక వరసగా చేసి ప్రిమ్ అని పేరు పెట్టింది, ముందు ఊహించు, రన్ చెయ్, తవ్వి చూడు, మార్చు, ఆఖర్న సొంతంగా చెయ్. నీ నాలుగు నెలల్లో రన్ చెయ్ ఒక్కటే జరిగింది, అదీ వీడియో చెప్పేవాయన లాప్‌టాప్‌లో.

కొన్ని వారాలు ఇలా చేశాక ఎగ్జాంపుల్‌ని కొంచెం కొంచెంగా తీసేస్తూ రావాలి. ఊళ్లో బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకి బెండ్లు కట్టి దింపుతారు, కాస్త చేతులు ఆడటం మొదలయ్యాక ఒక్కో బెండూ తగ్గిస్తూ వస్తారు, అలాగన్నమాట. కోడ్‌లో ఇది ఎలా అంటే ముందు ఆఖరి రెండు లైన్లు చెరిపేసి నువ్వు రాయి, తర్వాతి ఎగ్జాంపుల్‌లో లూప్ లోపలంతా చెరిపేసి రాయి, ఆ తర్వాత పైన వేరియబుల్స్ మాత్రమే ఉంచి మిగతాదంతా రాయి. చివరినుంచి వెనక్కి చెరుపుకుంటూ రావడం తేలిక, మొదట్లో ఏముందో కనబడుతుంటే చివర ఏం కావాలో తెలుస్తుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది, ప్రోగ్రాంని లైన్లుగా కత్తిరించి కలిపేసి, వరస పెట్టమనడం. న్యూజిలాండ్‌లో ఒటాగో పాలిటెక్నిక్‌లో డేల్ పార్సన్స్, ప్యాట్రీషియా హేడెన్ 2006లో పెట్టిన పద్ధతి, అందుకే పార్సన్స్ ప్రాబ్లమ్స్ అంటారు. సింటాక్స్ (కోడ్ రాసే వ్యాకరణం) బాధ లేకుండా వరస ఒక్కటే ఆలోచించాలి. నీ ఫ్రెండ్ ఎవడైనా నేర్చుకుంటుంటే మీరిద్దరూ ఒకరి కోడ్ ఒకరు కత్తిరించి ఇచ్చుకోండి, సరదాగా కూడా ఉంటుంది.

ఇంత చెప్పాక, మొదటి సీనియర్ మాట ఎప్పుడు వినాలి? నువ్వు మెకానికల్ కాబట్టి ఈ కథ నీకు బాగా నప్పుతుంది. 2001లో కాల్యుగా, స్వెల్లర్ వాళ్లు ఫ్యాక్టరీ అప్రెంటిస్‌లకి రిలే సర్క్యూట్ల ప్రోగ్రాములు రాయడం నేర్పారు. మొదట్లో చేసి చూపించిన ఎగ్జాంపుల్స్ చదివినవాళ్లే ముందున్నారు. కానీ ట్రైనింగ్ సాగి వాళ్లకి పని పట్టుబడే కొద్దీ ఆ తేడా తగ్గిపోయి, చివరికి తలకిందులైంది, సొంతంగా చేసేవాళ్లే పైకొచ్చారు. తెలిసినదాన్నే మళ్లీ విడమరిచి చెప్తుంటే అది కూడా తలకి బరువే. అందుకని ఎగ్జాంపుల్ ఎప్పుడు ఆపాలో నీకు నువ్వే కనిపెట్టుకోవాలి, దానికి నేను చూసే గుర్తు ఒక్కటే: ప్రశ్న చదవగానే, కోడ్ చూడకముందే, దీని ఆకారం ఇలా ఉంటుంది అని నోటితో చెప్పగలుగుతున్నావా, ఎగ్జాంపుల్ చదువుతుంటే బోర్ కొడుతోందా, ఐతే ఆ టాపిక్‌లో ఎగ్జాంపుల్స్ ఆపెయ్. ఆ టాపిక్‌లో అన్నా, మొత్తానికి కాదు. లూప్స్‌లో నువ్వు ఆ స్టేజీకి వచ్చుండొచ్చు, రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) దగ్గర మళ్లీ ఎల్‌కేజీ, అక్కడ మళ్లీ ఎగ్జాంపుల్‌తోనే మొదలు. పదేళ్ల అనుభవం ఉన్నవాడు కూడా కొత్త ఫ్రేమ్‌వర్క్ ముట్టుకుంటే ముందు శాంపిల్ ప్రాజెక్టే తెరుస్తాడు, అందులో సిగ్గేం లేదు.

ఇప్పుడు లీట్‌కోడ్. అక్కడ ఈజీ అని రాసి ఉంటే నీకు ఈజీ అని కాదు. మొదటి ప్రాబ్లం టూ సమ్ తీసుకో, ఒక లిస్ట్ ఇస్తారు, ఒక టార్గెట్ ఇస్తారు, ఏ రెండు సంఖ్యలు కలిపితే టార్గెట్ వస్తుందో వాటి ఇండెక్స్‌లు చెప్పాలి. రెండు లూప్‌లు ఒకదాంట్లో ఒకటి పెట్టి చెయ్యడం నీకు వస్తుంది, రావాలి, అది నువ్వే చెయ్యి. కానీ ఇంటర్వ్యూలో అడిగేది ఒక్క లూప్‌తో చెయ్యమని, దానికి ఇప్పటిదాకా చూసిన సంఖ్యలని డిక్షనరీలో (అడగ్గానే వెతికిచ్చే పట్టికలో) దాచుకుంటూ, ఒక్కో సంఖ్య దగ్గరా టార్గెట్‌కి ఇంకెంత కావాలి, అది ఆల్రెడీ చూశామా అని అడగాలి. చూసినవాటిని దాచుకుంటూ పోవడం అనే ప్లాన్ నువ్వు ఎప్పుడూ చూడకపోతే మూడు గంటలు కూర్చున్నా తట్టకపోవచ్చు, తట్టకపోతే నువ్వు తెలివితక్కువవాడివని కాదు. ఒకసారి చూడు, కాగితం మీద నడుపు, మూసేసి రాయి, ఆ తర్వాత అదే ప్లాన్ పనికొచ్చే వేరే ప్రాబ్లమ్స్ నాలుగు సొంతంగా కొట్టు, లిస్ట్‌లో రెండుసార్లు వచ్చిన మొదటి సంఖ్య ఏది, రెండు పదాలు అవే అక్షరాలతో తయారయ్యాయా, ఇలాంటివి. పైకి వేరేలా కనిపిస్తాయి, లోపల ఒకే ప్లాన్. ఇందాక స్వెల్లర్ ప్రయోగంలో అలాంటి లెక్కలకే లాభం అన్నా కదా, ఆ గోడ దాటించేది ఇదే, ఒకే ప్లాన్‌ని నాలుగు వేషాల్లో చూడటం.

ఇరుక్కుంటే ఎంతసేపు కూర్చోవాలి అని ట్రైనింగ్‌లో అందరూ అడుగుతారు. ఏదో ఒకటి కొత్తగా తెలుస్తున్నంతసేపు కూర్చో, ప్రింట్ పెట్టి చూశావ్, ఇక్కడిదాకా సరిగ్గా ఉంది అక్కడ పాడైంది అని తెలిసింది, ఐతే కదలకు. ఊరికే అవే లైన్లు అటూ ఇటూ మారుస్తున్నావంటే ఇరవై నిమిషాలు చాలు, సొల్యూషన్ తెరువు, అదీ మొత్తం కాదు, మొదటి ఆలోచన వరకు చదివి మూసెయ్. పూర్తిగా చూసేస్తే అది ఎగ్జాంపుల్ కింద లెక్క, నువ్వు చేసినట్టు కాదు, టిక్ పెట్టుకోకు, రెండు మూడు రోజులాగి ఖాళీ ఎడిటర్‌లో మళ్లీ రాయి. వెంటనే రాస్తే అందరికీ వస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో చదివిన 5 నిమిషాలకి పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత పెడితే మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకుంటూ రాసినవాళ్లు ముందుకొచ్చారు. అది కోడ్ మీద చేసిన ప్రయోగం కాదు, మామూలు పాఠాల మీద చేసింది, కానీ కోడ్‌లో కూడా నాకు రోజూ అలాగే కనిపిస్తుంది.

ఎవరో ఒకరు వచ్చి ముందు కష్టపడి ఫెయిలైతేనే బాగా వస్తుంది కదా అని అంటారు కాబట్టి అది కూడా చెప్పేస్తా. మను కపూర్ సింగపూర్ స్కూళ్లలో చేసిన పని గురించి అది, 2008 నుంచి దాని మీద రాస్తున్నాడు, పిల్లలకి ముందు తెలియని ప్రాబ్లం ఇచ్చి తిప్పలు పడనిచ్చి, ఆ తర్వాత పాఠం చెప్తే కొన్ని చోట్ల బాగా అర్థమైంది. నిజమే, నాకూ నచ్చుతుంది. కానీ అందులో రెండోభాగం చూడు, తిప్పలు పడ్డాక టీచర్ వచ్చి వాళ్లు చేసిన ప్రయత్నాలతో కలిపి సరైన పద్ధతి వివరించాడు. హాస్టల్ రూంలో రాత్రి పదకొండింటికి ఒంటరిగా లీట్‌కోడ్ ముందు కూర్చుంటే ఆ రెండోభాగం ఎవరు చెప్తారు? నీకు గైడ్ చేసేవాళ్లు ఉంటే వారానికి ఒకసారి అలా చెయ్, లేకపోతే టూ సమ్‌కి చెప్పినట్టు ముందు ఒక పదినిమిషాలు నీకు తోచింది రాసి, అప్పుడు ఎగ్జాంపుల్ చూడు, అంత చాలు.

చాట్‌జీపీటీ లాంటివి వాడకు అని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. కోడ్ రాసిమ్మనకు, అంతే. నువ్వు రాసినది ఇచ్చి తప్పు సరిచెయ్యకుండా ఏ ఇన్‌పుట్‌కి పగులుతుందో మాత్రం చెప్పమను. లేదా రైన్‌ఫాల్ లాంటిది మరో మూడు వేషాల్లో తయారుచెయ్యమను, లైన్లు కలిపేసి పార్సన్స్ ప్రాబ్లంగా ఇమ్మను. ఇలాంటివాటికి అది నిజంగా బంగారం, మా రోజుల్లో ఒక టాపిక్ మీద నాలుగు రకాల ఎగ్జాంపుల్స్ కావాలంటే నాలుగు పుస్తకాలు వెతకాల్సి వచ్చేది.

నీకు టైంటేబుల్ కావాలంటే వచ్చే నెల మొత్తం లూప్స్, లిస్టులు, స్ట్రింగులు, డిక్షనరీలు మాత్రమే, రోజుకి రెండు జంటలు, ఆదివారం ఆ వారం రాసినవాటిలో ఏవైనా మూడు ఖాళీ పేజీలో. కాలేజీ ల్యాబులు, ఇంటర్నల్స్ ఉన్న వారం రోజుకి ఒక జంటే చెయ్, కానీ కాగితం మీద నడపడం మానెయ్యకు, బద్ధకంతో అందరూ ముందు మానేసేది అదే. ఆ తర్వాత ఫంక్షన్లు, రికర్షన్, సార్టింగ్, అప్పటికి లీట్‌కోడ్ ఈజీలు నీకు భయం వెయ్యవు.

జావాకి మారాలా అన్నావ్. ఇప్పుడు వద్దు. కూడిక ప్లాన్, లెక్క ప్లాన్, దాచుకునే ప్లాన్ పైథాన్‌లో ఏవో జావాలో కూడా అవే, పైన ఇంకో పది లైన్లు ఎక్కువ రాయాలి, టైపులు చెప్పాలి, బ్రాకెట్లు పెట్టాలి, అంటే నీ నాలుగు గడుల్లో ఇంకో రెండు సింటాక్స్‌కే పోతాయి. రైన్‌ఫాల్, దాని నెగెటివ్ వెర్షన్ రెండూ కాగితం చూడకుండా పైథాన్‌లో రాయగలిగాక, మీ క్యాంపస్‌కి వచ్చే కంపెనీ ఏదైనా జావానే కావాలంటే అప్పుడు మార్చుకో, నెల పడుతుంది. ముందు ఆ నెగెటివ్‌ది రాసి, మైనస్ 2 ఇచ్చినప్పుడు ఏమైందో ఇక్కడే చెప్పు, కోడ్ కూడా పెట్టు, చూస్తా.